నాయనమ్మ వాన డబ్బా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎత్తులో కాపురం ఉన్నది ఒక రేకు డబ్బా. మేమందరం కింద చాపల మీదా నులక మంచాల మీదా సర్దుకుంటుంటే, అది మాత్రం మధ్యగది అటక మీద, వాసానికి వీపు ఆనించుకుని, ఏడాది పొడుగునా దర్జాగా కూర్చునేది. ఒకప్పుడు అందులో వేరుశనగ నూనె ఉండేదట. నాకు ఊహ తెలిసేనాటికి అది నూనె వాసనా మర్చిపోయింది, సొంత రంగూ మర్చిపోయింది. మా నాయనమ్మ దాన్ని వాన డబ్బా అనేది. నేను మాత్రం పెద్దావిడ అనేదాన్ని. మా ఇంట్లో ఇద్దరు ముసలమ్మలున్నారు, ఒకరు పైన, ఒకరు కింద, పైనావిడ అరవదు, అంతే తేడా అని వీధంతా చెప్పి నవ్వించేదాన్ని.

నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నాలుగో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. చదువు సంగతి నన్ను అడగొద్దు, నోటి సంగతైతే అడగండి. అరవై దాటాక కూర్చుని ఇది రాస్తున్నాను. అక్షరాలు ఎక్కడైనా తడబడితే ఆ మూడున్నర తరగతుల్నే తిట్టుకోండి.

మా ఊరికి చిలకలూరిపేట ఎడ్లబండి మీద ఒక పూట దూరం. అంతా నల్లరేగడి. ఎండాకాలం దాని నెర్రెల్లో కాలు పడితే చీలమండ విరుగుతుంది, వానాకాలం అదే నేల చెప్పుల్ని మింగి త్రేన్చుతుంది. ఊరికి ఒక పక్క మిరప, ఒక పక్క పత్తి, మధ్యలో ఒక వాగు. వాగంటే ఏదో అనుకునేరు. ఏడాదిలో పది నెలలు అందులో మేకలు పడుకునేవి. దాన్ని చూసి ఎవరూ భయపడేవాళ్లు కాదు, ఒక్క మా నాయనమ్మ తప్ప.

ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఆ వాగే ఇంట్లోకి వచ్చి రెండు రోజులు కూర్చుందట. ఇంటిల్లిపాదీ అటకెక్కారు. తినడానికి ఏమీ లేక పైన వేలాడుతున్న ఎండుమిరపకాయలు నమిలారట. ఈ ముక్క దగ్గర నేను ఎప్పుడూ పగలబడి నవ్వేదాన్ని. నాయనమ్మ నన్ను నవ్వనిచ్చి, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పేది. "ఆకలికి ఎవరూ పోలేదే. తడిసిన బట్టలతో కూర్చున్నాం చూడు, ఆ వణుకుకే మా ఆడబిడ్డ పోయింది. పదేళ్లది. నా ఒళ్లోనే."

అందుకే ఆ డబ్బా. దసరా వెళ్లి తూర్పు మబ్బులు రావడం మొదలవగానే దాన్ని కిందికి దించేది. ఏడాదికి ఆ ఒక్క పూటే దానికి నేల. పాతవన్నీ తీసేసి, డబ్బాను ఎండలో బోర్లించి, కొత్తగా సర్దేది. అడుగున అటుకులు, బెల్లం, వేయించిన శనగలు. ఒక సీసాలో బియ్యం పోసి, చెమ్మ తగలకుండా ఆ బియ్యం నడుమ రెండు అగ్గిపెట్టెలు పాతిపెట్టేది. బుడ్డిదీపం, కిరసనాయిలు సీసా, వాము, శొంఠి, ఒక చేంతాడు. అన్నిటి మీదా ఉతికి ఎండలో కరకరలాడించిన రెండు నేత చీరలు, ఒక గొంగళి ముక్క. మిగతావాటిని గబగబా పడేసేది గానీ, ఆ చీరల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి నిదానించేది. మడతలో మడత పెట్టి, అరచేత్తో అదిమి, ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని చెంపకు ఆనించుకుని చూసేది. చివర మూత బిగించి, చుట్టూ మైనం రాసిన గుడ్డ కట్టేది.

అంతటితో ఊరుకుంటే బాగుండును. ఆ వారంలో ఏదో ఒక మధ్యాహ్నం, ఎండ నెత్తి మాడుస్తుండగా, ఉన్నట్టుండి "నీళ్లొచ్చినయ్!" అని కేక పెట్టేది. ఎవరు ఏం చేస్తున్నా వదిలేసి నిచ్చెనెక్కి డబ్బా పక్కన కూర్చోవాలి. మా నాన్న అన్నం ముద్ద చేతిలో పట్టుకునే ఎక్కేవాడు. ఒకసారి నేను గొడుగు వేసుకుని ఎక్కాను. ఇంకోసారి కోడిని చంకన పెట్టుకుని ఎక్కి, దీనికి ఈత రాదు పాపం అన్నాను. నాయనమ్మ నవ్వు ఆపుకోలేక నిచ్చెన పట్టుకుని నిలబడిపోయింది. నవ్వితే ఆవిడకు పన్ను ఊడిన సందు కనిపించేది. ఆ సందు కోసమే నేను రోజంతా మాటలు వెతుక్కునేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మాకు చెల్లెలు పుట్టింది. పత్తి తీతల రోజులు కావడంతో అమ్మ పుట్టింటికి వెళ్లలేదు, మా ఇంట్లోనే పక్కగదిలో పురుడు పోశారు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసి పేరు పెడదామన్నారు. అన్నాళ్లు ఆగడం నా వల్ల కాక నేను పత్తికాయ అని పిలవడం మొదలుపెట్టాను. రెండు గుప్పిళ్లూ ఇంకా విచ్చని పత్తికాయల్లాగే ఉండేవి మరి. అమ్మ వద్దని కసురుకుంటూనే, నేను లేనప్పుడు తనూ అలాగే పిలిచేది.

ఆ ఏడు మా పత్తి విరగకాసింది. తీసిన పత్తంతా వాకిట్లో కుప్పగా పోసి, పేట మిల్లుకు తోలడానికి బండి కోసం చూస్తున్నాం. అప్పుడే పక్కింటి బాబాయి గారి రేడియోలో తుఫాను మాట వచ్చింది. ఆయన దూది ఏకి పరుపులు కుట్టేవారు. సాయిబులైనా మాకు వరసలు కలిపే పిలుపులు. రేడియో వినగానే చెప్పులైనా వేసుకోకుండా పరుగున వచ్చి, "అన్నా, పత్తి లోపల పడెయ్యి. ఇది తడిస్తే ఎందుకూ పనికి రాదు" అన్నారు. పత్తి గురించి ఆయన మాటంటే మాకు వేదం.

పత్తి పండించే ఇళ్లల్లో అది మామూలే. ఉన్న చోటల్లా పత్తికే, మిగిలిన సందుల్లో మనుషులు. మంచం కింద పత్తి, మధ్యగదిలో నిలువెత్తు పత్తి, దాని మీదే పడకలు. గోతాల్లోకి తొక్కిన పత్తి అటకెక్కించారు. అటకా నిండింది. కింద ఇంకా రెండు గోతాలు మిగిలిపోయాయి. నాన్న పైనుంచి డబ్బా మీద చెయ్యి వేసి అన్నాడు.

"అమ్మా, ఇది కిందికి దించితే ఆ రెండూ పట్టేస్తయ్."

"దించమాకరా. పత్తి నా నెత్తిన పెట్టుకో, దాని జోలికి మాత్రం పోమాక."

నాన్న చెయ్యి తీసేశాడు. నేను కళ్లారా చూశాను. అక్కడితో అయిపోవాల్సింది.

నిచ్చెన నడిమి మెట్టు మీద నేనున్నాను. కింద నాయనమ్మ, బాబాయి, పైన నాన్న. అందరూ పొద్దుటి నుంచి మోసి మోసి అలిసిపోయి, ఒక్క నవ్వు కోసం చూస్తున్నట్టు అనిపించింది. నాలుక దురద పెట్టింది.

"నాన్నోయ్, పెద్దావిడ నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయినై. ఈ ఒక్క ఏడు కిందికి దిగి కూర్చోనియ్యి. అయినా వాగుకేం భయం? మన గుమ్మం దాకా వచ్చి నాయనమ్మ కేక వింటే, తప్పయిపోయింది తల్లో అని తిరిగి దాని పుట్టింటికి పోయిద్ది!"

బాబాయి గోతం మీద కూలబడి నవ్వారు. నాన్న వాసం పట్టుకుని నవ్వాడు. నాయనమ్మ ముందు నా వైపు గుడ్లురిమి చూసింది. ఆ తర్వాత ఆ పన్ను సందు కనబడింది. కళ్లు తుడుచుకుంటూ, "నీ నోరు పడ! పోనీలే, దించండి ఈ పూటకి" అంది. నవ్విన మనిషి మళ్లీ గట్టిగా వద్దనడం కష్టమని ఆ రోజు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

గాలికి పక్కగది తలుపు మూసి ఉంది. అమ్మకు నవ్వులు వినబడ్డాయి గానీ మాటలు వినబడలేదు. నేను లోపలికి వెళ్తే, "ఏందే అంత నవ్వుకున్నారు?" అని అడిగింది. "ఏం లేదులే" అన్నాను.

డబ్బాను మధ్యగది మూలన పెట్టారు. వాకిట్లో ఇంకా చిందరవందరగా మిగిలిన పత్తిని తట్టలతో తెచ్చి అదే మూలన పోశారు. సాయంత్రానికి అక్కడ డబ్బా ఉందన్న గుర్తే లేదు. తెల్లటి కొండ ఒకటి ఉంది, అంతే.

రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోనాడు పొద్దున, పొయ్యి మీద ఎసరు పెట్టాక, పైన ఎక్కడో చెరువు కట్ట తెగింది. ఎసరు కాగేలోపే పొయ్యి మునిగింది. "నీళ్లొచ్చినయ్" అని నాయనమ్మ కేక పెట్టలేదు. ఏటా ఎండలో అంత గట్టిగా అరిచే మనిషికి నిజంగా నీళ్లొచ్చిన రోజున గొంతు పెగల్లేదు.

నాన్న అమ్మనూ పాపనూ ఎత్తుకుని అటక దగ్గరకు వచ్చాడు. పైన మనిషి పట్టే చోటు లేదు. గోతాలు ఒక్కొక్కటి లాగి కిందికి తోశాడు. అప్పటికి అమ్మ నడుము దాకా తడిసింది. పాపను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడింది. అందరం పైకి చేరాక గాలి పెంకుల్ని లేపేయడం మొదలుపెట్టింది. ఒక్కో పెంకు లేచినప్పుడల్లా ఒక్కో ధార లోపలికి దిగింది.

నాన్న మళ్లీ కిందికి దూకాడు, డబ్బా కోసం. పత్తి తడిస్తే ఎంత బరువో పండించే మాకే ఆ రోజు దాకా తెలియదు. పొడిగా ఉన్నప్పుడు ఊదితే ఎగిరేది, నీళ్లు తాగి తడిపిన మట్టిగోడలా బిగుసుకుపోయింది. నాన్న చేతులతో పీకుతున్నాడు, అది ముద్దలు ముద్దలుగా వస్తోంది, వచ్చిన చోటుకు పక్కనుంచి ఇంకో ముద్ద జారుతోంది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాక నాయనమ్మ గట్టిగా పిలిచి పైకి రప్పించింది.

పైన పత్తి పైనుంచి తడిసింది, కింద పత్తి కిందనుంచి తడిసింది. ఇంటినిండా పత్తి. తొమ్మిది రోజుల బిడ్డను చుట్టడానికి పొడిగుడ్డ ముక్క లేదు. నాయనమ్మ పళ్లతో ఒక గోతం కుట్లు తెంపి, నడుమనుంచి పొడిపత్తి పీకి పాప చుట్టూ కూరింది. కాసేపు బాగానే ఉంది. ధార కారి అదీ తడిసింది. ఇంకో గోతం. అదీ తడిసింది. అమ్మ పాపను తన ఒంటికి అదుముకుంది. మేం అమ్మ చుట్టూ అదుముకుని కూర్చున్నాం. కానీ తడిసిన వాళ్లం నలుగురం కలిసి కూర్చుంటే నలుగురి తడే పోగవుతుంది.

చెల్లి ముందు ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. "హమ్మయ్య, నిద్రపోయింది" అన్నాను నేను. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇంకేమీ అనొద్దన్నట్టు.

మధ్యాహ్నానికి నీళ్లు కాస్త తగ్గాక బాబాయి తాడు కట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. నెత్తి మీద, తారుగుడ్డలో చుట్టిన బొంత ఒకటి. ఒక్క చుక్క తడవకుండా తెచ్చారు. చెల్లిని అందులో చుట్టాం. అప్పటికి చుట్టినా చుట్టకపోయినా ఒకటే.

నాలుగో రోజు ఇల్లు తోడుతుంటే డబ్బా బయటపడింది. ఒక పక్క సొట్ట పడింది గానీ మూత కదల్లేదు. నాయనమ్మ వాకిట్లో గొంతుక్కూర్చుని గుడ్డ విప్పింది. చీర తీసి చెంపకు ఆనించుకుంది. పొడిగా ఉంది. సీసాలోని బియ్యం ఒళ్లో కుమ్మరించి అగ్గిపెట్టె తీసింది. ఒక్క పుల్ల గీసింది. మొదటి గీతకే వెలిగింది. వేలు కాలేదాకా దాన్ని పట్టుకునే ఉంది.

అప్పుడు అమ్మ గుమ్మంలోంచి అడిగింది, చాలా మామూలు గొంతుతో, ఉప్పు ఎక్కడ పెట్టారని అడిగినట్టు. "దాన్ని ఎవరు దించమన్నారు?"

నాన్న నా వైపు చూడబోయి తల దించుకున్నాడు. బాబాయి గోడవైపు తిరిగారు.

"నేనే దించమన్నా" అంది నాయనమ్మ.

అబద్ధం కూడా కాదు అది. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ దాన్ని విప్పి చూడలేకపోయారు.

అమ్మ ఆ తర్వాత ఆవిడతో మాట్లాడలేదు. ఒక్క ఇంట్లోనే ఉంటూ, ఒక్క పొయ్యి మీదే వండుకుంటూ, ఆరేళ్లు, నాయనమ్మ పోయేదాకా. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, కళ్లెత్తి చూసేది కాదు. పని మీద కూడా మనసు నిలిచేది కాదు. అలా మా ఇంటి పొయ్యి నా చేతికి వచ్చింది, బడి పోయింది. పోయినందుకు నేనేమీ ఏడవలేదు. ఏడ్చే హక్కు ఉన్నట్టు అనిపించలేదు.

మాటలూ పోయాయి. నేను నోరు తెరిస్తే జనం నవ్వుతారేమోనని భయం. నవ్వితే ఏం జరుగుతుందోనని భయం. నాయనమ్మ ఏడాది పాటు నన్ను చూస్తూ ఊరుకుంది. మళ్లీ దసరా వెళ్లాక ఒక పొద్దున డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందులో ఏమేం పెడతామే? ముసలిదాన్నైపోయా, ఒక్కటీ గుర్తు రావట్లా."

ఆవిడకు గుర్తు లేకపోవడమేమిటి! ఊళ్లో ఏ బర్రె ఏ నెలలో ఈనిందో చెప్పగల మనిషి. నటిస్తోందని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆవిడకూ తెలుసు. అయినా ఇద్దరం ఆ నాటకం పూర్తిగా ఆడాం. నేను అటుకులన్నాను. ఆవిడ అవునవునంది. బెల్లమన్నాను. నిజమేనే అంది. బియ్యంలో అగ్గిపెట్టెలు నేనే పాతాను. చీరలు నేనే మడిచాను. అన్నీ అయ్యాక, "ఇంకేమన్నా మర్చిపోయామా?" అని అడిగి, మూత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను లేచి వెళ్లి, అమ్మ పెట్టె అడుగునున్న ఉయ్యాల గుడ్డ, పేరు పెట్టే రోజుకని దాచింది, అమ్మకు తెలియకుండా తెచ్చి అన్నిటికంటే పైన పెట్టాను.

నాయనమ్మ మూత బిగిస్తూ, తల ఎత్తకుండా అంది. "నువ్వు నవ్వించావ్. అది నీ గుణం. నవ్వాక కూడా వద్దనాల్సింది నేను. నేను అనలా. ఇంకెప్పుడన్నా నీ ఇంట్లో అందరూ నవ్వితే, నవ్వు అయ్యాక ఒక్కసారి పైకి చూడు. డబ్బా అక్కడే ఉందో లేదో."

అంతే. కౌగిలించుకోలేదు, కన్నీళ్లు తుడవలేదు. నిచ్చెన పట్టుకుని నన్ను ఎక్కమంది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మాది డాబా ఇల్లు. అటక బదులు గోడకు పైన సిమెంటు అరమర. డబ్బా మారింది, అందులోని సరుకూ మారింది. టార్చిలైటు, ఫోనుకు ఛార్జింగు పెట్టే పెట్టె, బీపీ బిళ్లలు, ఓఆరెస్ పొట్లాలు. మా కోడలు రేషన్ కార్డు జిరాక్సు కూడా పెట్టించింది. అగ్గిపెట్టెలు మాత్రం ఇప్పటికీ బియ్యంలోనే ఉంటాయి. తుఫానంటే నాలుగు రోజుల ముందే ఫోను మొత్తుకుంటుంది. అయినా ఏటా సర్దుతాను. మా మనవరాలికి తొమ్మిదేళ్లు, నా నోరే వచ్చింది దానికి. మొన్న వాళ్ల నాన్న మిరప గోతాలకు చోటు లేదని ఆ అరమర వైపు చూడగానే, "నాయనమ్మ డబ్బాను జరిపితే భూకంపం వచ్చిద్ది నాన్నా, అసలే దానికి కోపమెక్కువ" అంది. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, బాగుంది మరి. నవ్వుతూనే వెళ్లి ఆ అరమర కింద నిలబడ్డాను. గోతాలు వరండాలోకి పోయాయి. తడిశాయి కొన్ని. తడవనీ.

మా అమ్మ ఎనభై దాటి బతికింది. చివరి రోజుల్లో నా చేతి కూడే తినేది. నేను అన్న ప్రతి మాటకీ నవ్వేది. ఒకసారి నవ్వీ నవ్వీ, "మీ నాయనమ్మ ఆ డబ్బా దించకుండా ఉంటేనా" అని ఆగిపోయింది. నోట్లో ముద్ద పెట్టాను. అడిగితే చెప్పేదాన్ని అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. చెప్పేదాన్ని కాదు. అమ్మ, నాయనమ్మ మీద కోపంతోనే పోయింది, నేను పోనిచ్చాను.

ఆ ఉయ్యాల గుడ్డ ఇప్పటికీ డబ్బాలో అన్నిటికంటే పైన ఉంటుంది. ఎవరిదని అడిగితే పాతగుడ్డ అంటాను. ఏటా తీసి, ఉతికి, ఎండలో ఆరేసి, మడిచి, చెంపకు ఆనించుకుని చూస్తాను. పొడిగానే ఉంటుంది. ఏటా పొడిగానే ఉంటుంది.